గోదావరి నీరు, గోదావరి వాయువు: విజ్జేశ్వర విద్యుత్కేంద్ర చరిత్రము



2012వ సంవత్సరము ఏప్రిల్ మాసమున, నేనింకను పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుండగా, ఒకనాడు పాఠము నడుమ విద్యుచ్ఛక్తి నిలిచిపోయినది. ఆ యేడు రాష్ట్రమంతటను కరెంటు కోత నిత్యకృత్యమై యుండెను గనుక ఎవ్వరును ఆశ్చర్యపడలేదు. కాని వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "మాస్టారండీ, గ్యాసు మనూరి కిందే ఉందంటారు కదండీ, మరి మనూళ్ళో కరెంటు ఎందుకు పోతోందండీ?" అని యడిగినాడు. తరగతి యంతయు నవ్వినది. నేను మాత్రము నవ్వలేకపోతిని. ఏదో చెప్పి కూర్చుండబెట్టితిని గాని, అది సమాధానము కాదని నాకే తెలియును.

ఉద్యోగ విరమణము చేసిన పిమ్మట తీరిక దొరకినందున ఆ ప్రశ్నను మఱల చేతికెత్తుకొంటిని. దానికి సమాధానము గోదావరి పడమటి గట్టున, విజ్జేశ్వరమున దొరకినది. నేటి ప్రసంగమున ఆ కథయే మీకు విన్నవించెదను.

విజ్జేశ్వరము పేరెఱుగని రైతు పడమటి డెల్టాలో లేడు. ధవళేశ్వరమునకు ఎదురుగట్టున నున్న ఆ గ్రామముకడనే మన పడమటి డెల్టా కాలువలకు తలతూము కలదు. నిడదవోలు మొదలు నరసాపురము వఱకు ఏ చేనిలో తడి కనబడినను, ఆ నీరు ఒకనాడు విజ్జేశ్వరపు తూము దాటి వచ్చినదే. ఆ గ్రామముననే, నీరు నడచు చోటికి దాపున, 1990 ప్రాంతమున సహజవాయువుతో నడచు విద్యుత్కేంద్రము వెలసినది. ఒకే యూరున రెండు నిర్మాణములు: ఒకటి నది నీటిని పంచునది, రెండవది నేల క్రింది వాయువును వెలుగుగా మార్చునది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఆ బాలుని ప్రశ్నకు సమాధానము తనంతట తానే తెలియవచ్చును.

మొదటిదానిని గూర్చి మీకు నేను చెప్పవలసినది స్వల్పము. 1833 నాటి నందన కఱవును, 1839 నాటి ఉప్పెనను మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలుండిన జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయినది. అంత గొప్ప నది ఇంటిముందు పాఱుచుండగా జనులు తిండిలేక చచ్చుటయా యని ఆర్థర్ కాటన్ దొర యోచించెను. 1847లో పని యారంభమై 1852లో ఆనకట్ట ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలపై, నడుమ లంకలను ఆధారముగా గొని, సుమారు రెండుంబావు మైళ్ళ పొడవున ఱాతికట్టడము లేచినది. పనివాండ్రను సమకూర్చి కాటనునకు కుడిభుజమై నిలిచిన మన వీణం వీరన్నగారిని కూడ ఈ సందర్భమున స్మరింపవలయును. నేడు ధవళేశ్వరము, బొబ్బర్లంక, విజ్జేశ్వరముల తలతూములనుండి మూడు డెల్టాలకు నీరు పోయి, సుమారు పది లక్షల యెకరములు సాగగుచున్నవి.

ఇందులో మనము గమనింపవలసినది ఱాతికట్టడము కాదు, లెక్క. నదిలో ఏ మాసమున ఎంత నీరు వచ్చును, ఏ కాలువకు ఎంత చాలును, ఏ భూమి పల్లము, ఏ భూమి మెఱక అను లెక్క ముందు, కట్టడము వెనుక. నేటికిని అంతే గదా. దాళ్వా వేయుటకు ముందు నీటిపారుదల సలహామండలి కూర్చుండి, సీలేరునుండి వచ్చునదెంత, నదిలో నిలుచునదెంత యని చూచి, ఇన్ని యెకరములకే నీరు ఇయ్యగలమని చెప్పుదురు. చాలనియెడల వంతులు పెట్టుదురు. నీటి జాడ తెలియక ఆకుమడి పోసిన రైతును ఊరంతయు తెలివితక్కువవానిగా చూచును. ఈ మాటను మనస్సునందుంచుకొని రెండవ కథ వినుడు.

గోదావరి డెల్టా క్రింద భూమి ఒకే పొర కాదు. రాజమహేంద్రవరము చేరువ కాతేరులోను, పడమటి గట్టున పంగిడి యొద్దను నల్లఱాతి గనులు మీరు చూచియుందురు. అవి కోట్ల యేండ్లనాడు కఱిగి పాఱిన అగ్నిశిల. ఆ శిలయే సముద్రమువైపు పోనుపోను లోతునకు దిగిపోయినది. దాని పైనను దాని క్రిందను, ఆదికాలపు నదులును సముద్రమును తెచ్చి వేసిన ఇసుక, బంకమన్ను వేలకొలది అడుగుల మందమున పేరుకొనియున్నవి. ఆ బంకమన్నులో పూడిపోయిన జీవపదార్థము, పైబరువునకును లోవేడికిని ఉడికి, చమురుగాను వాయువుగాను మాఱి, ఇసుకఱాతి సందులలో చేరి నిలిచినది. కృష్ణా గోదావరి బేసిను అని శాస్త్రజ్ఞులు పిలుచునది దీనినే.

1956లో ఏర్పడిన చమురు సహజవాయు సంఘము, అనగా మనమందఱము ఓఎన్‌జీసీ యని పిలుచు సంస్థ, ఈ నేలను పరీక్షించి, 1978లో నరసాపురముకడ లోతైన బావి త్రవ్వినది. 1983లో రాజోలుకడ వాయువు పడినది. తరువాత తాటిపాక, పాశర్లపూడి, మండపేట మున్నగు తావులు వరుసగా ప్రసిద్ధికెక్కినవి. ఆ దినములలో కోనసీమ గ్రామములలో రాత్రివేళ కొబ్బరితోటల మీదుగా ఆకాశము ఎఱ్ఱబాఱి యుండుట నేను కన్నులార చూచితిని. పైకి వచ్చిన వాయువును వాడుకొను సాధనము లేనిచోట దానిని గొట్టము కొన మండించివేయుచుండిరి. పెరటిలో వంటకట్టెలకు తడుముకొను ఇల్లాండ్రు ఆ మంటను చూచి, "అయ్యో, అంత నిప్పు వృథాయే" అని చెప్పుకొనుచుండిరి.

వాయువును మండించి విద్యుత్తు పుట్టించు విద్య అప్పటికే లోకమునకు క్రొత్త కాదు. 1939లో స్విట్జర్లాండు దేశమందలి న్యూషాటెల్ పట్టణమున ఇట్టి గ్యాస్ టర్బైనుతో విద్యుత్తు నిచ్చు తొలి కేంద్రము నెలకొన్నది. దాని శక్తి 4 మెగావాట్లు మాత్రమే. వేసిన ఇంధనములోని వేడిలో నూటికి 17, 18 పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మాఱెడివి. తక్కినదంతయు పొగతో పోయెడిది. మన దేశమున అస్సామునందలి నామ్‌రూప్‌లో 1965 నాటికి వాయువుతో విద్యుత్తు తీయ నారంభించిరి. గోదావరి తీరమునకు ఆ విద్య వచ్చుటకు మఱి పాతికేండ్లు పట్టినది.

1988లో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ అను సంస్థ యేర్పడినది. ఇది ఒక వింత పొత్తు. రాష్ట్ర విద్యుత్ బోర్డు ఒక భాగస్వామి. ప్రయివేటు పరిశ్రమలు తక్కిన భాగస్వాములు. ఎవరు ఎంత మూలధనము పెట్టిరో వారికి పుట్టిన విద్యుత్తులో అంత వంతు. మన పల్లెలలో నలుగురు రైతులు కూడి ఒక ఇంజను కొని, పెట్టిన సొమ్మునుబట్టి నీటి వంతులు పంచుకొను పద్ధతియే యిది. బోర్డునకు సొమ్ము కొఱత, పరిశ్రమలకు కరెంటు కొఱత. రెండు కొఱతలు కలసి విజ్జేశ్వరమున ఒక కేంద్రమును నిలిపినవి.

మొదటి దశలో 33 మెగావాట్ల గ్యాస్ టర్బైనులు రెండు. టర్బైను అనగా మఱేమియు కాదు, రేకులు గల చక్రము. గాలిని లోనికి పీల్చి గట్టిగా నొక్కి, దానిలో వాయువును మండింతురు. వేయి డిగ్రీలు దాటిన ఆ వేడిగాలి దూసికొనివచ్చి రేకులను త్రిప్పును. చక్రముతో ముడిపడిన విద్యుద్యంత్రము తిరుగును. ఇంతటితో ఆగినచో ఇంధనపు వేడిలో నూటికి సుమారు 30 పాళ్ళే విద్యుత్తగును. చక్రము త్రిప్పి వెలుపలికి వచ్చు గాలి అప్పటికిని అయిదు వందల డిగ్రీల వేడితో నుండును. ఆ వేడిని ఆకాశమునకు వదలుట ధనమును గోదావరిలో పాఱవేయుటతో సమానము.

కావున ఆ వేడిగాలిని మఱియొక బాయిలరులోనికి పంపి, నీటిని ఆవిరి చేసి, ఆ యావిరితో 34 మెగావాట్ల మఱియొక యంత్రమును త్రిప్పిరి. 33, 33, 34: వెరసి నూఱు మెగావాట్లు. చూచితిరా! ఈ మూడవ యంత్రమునకు ప్రత్యేకముగా ఒక్క ఘనపు మీటరు వాయువైనను అక్కఱలేదు. మన మరలలో వడ్లు ఆడించగా వచ్చిన ఊకను బాయిలరులో వేసి, ఆ వేడితోనే ఉప్పుడు బియ్యమునకు వడ్లు ఉడికించుట లేదా? అదే న్యాయము. దీనినే జంటచక్ర పద్ధతి యందురు. ఇట్లు నూటికి 30 పాళ్ళుండిన ఫలము 45 పాళ్ళకు పైబడును. నేడు లోకమునందలి మిక్కిలి మేలైన యంత్రములలో నూటికి 60 పాళ్ళు దాటుచున్నది. న్యూషాటెల్ నాటి 17 పాళ్ళనుండి ఇక్కడికి వచ్చుటయే ఈ విద్యయొక్క నవీకరణ చరిత్ర.

విజ్జేశ్వరమున 1997లో రెండవ దశ వచ్చినది. ఇందు 112 మెగావాట్ల గ్యాస్ టర్బైను ఒకటి, దాని వేడితో నడచు 60 మెగావాట్ల ఆవిరి యంత్రము ఒకటి, వెరసి 172. రెండు దశలును గూడి 272 మెగావాట్లు. ఏడెనిమిదేండ్లలో యంత్రము పెద్దదై, పొదుపరియై, చిన్న యంత్రములు రెండు చేసిన పనికన్న ఎక్కువ పనిని ఒకటే చేయజొచ్చినది. నీరు పంచిన యూరు వెలుగును కూడ పంచుచున్నదని మేము గర్వించితిమి.

అయితే ఆ యంత్రము తిను ఆహారమెంత? నూఱు మెగావాట్ల జంటచక్ర కేంద్రము ఒక దినమంతయు పూర్తిగా నడచినచో 24 లక్షల యూనిట్ల విద్యుత్తు వచ్చును. దానికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల వాయువు కావలయును. దినదినమును, ఏటికి 365 దినములును కావలయును. ఈ లెక్క యెంత ముఖ్యమో తరువాతి కథ చెప్పును.

1991లో కేంద్రప్రభుత్వము విద్యుదుత్పత్తిలోనికి ప్రయివేటు ధనమును ఆహ్వానించినది. త్వరగా కట్టవలసిన ఎనిమిది కేంద్రములను ముందు వరుసలో నిలిపిరి. ఆ యెనిమిదింటిలో రెండు మన గోదావరి సీమవే: కడియము చేరువ జేగురుపాడున జీవీకే సంస్థవారి 216 మెగావాట్ల కేంద్రము, కాకినాడకడ స్పెక్ట్రమ్ సంస్థవారి 208 మెగావాట్ల కేంద్రము. రెండును 1996, 1998 సంవత్సరముల నడుమ పని యారంభించినవి. జేగురుపాడున వాయువు చాలనప్పుడు నాఫ్తా అను చమురుతో కూడ నడపుటకు ఏర్పాటు చేసికొనిరి. ఇది గమనింపదగిన విషయము: కట్టినప్పుడే కొఱత సంగతి వారికి కొంత తెలియును. తరువాత 2002లో పెద్దాపురము చేరువ 220 మెగావాట్లు, 2006లో వేమగిరిని 370 మెగావాట్లు సిద్ధమైనవి. వేమగిరి యంత్రములు సిద్ధమైనను వాయువు రాక 2009 వఱకు మూలుగుచు కూర్చున్నవి.

అంతమంది ధనవంతులు, అంతమంది ఇంజనీర్లు ఏ ధైర్యముతో కట్టిరని మీరడుగవచ్చును. దానికి కారణము కలదు. 2002 అక్టోబరులో కాకినాడ తీరమునకు ఎదురుగా లోతైన సముద్రమున రిలయన్స్ సంస్థవారికి గొప్ప వాయునిక్షేపము దొరకినది. కేజీ డీ6 అని దానిని పిలుతురు. 2009 ఏప్రిల్‌లో ఆ వాయువు గాడిమొగ తీరమునకు చేరినది. 2010లో దినమునకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటినది. 8 కోట్లకు పోవునని అందఱును నమ్మిరి. ఆ నమ్మకముమీద కేంద్రములు వరుసకట్టినవి: జేగురుపాడున రెండవ దశ 220, పెద్దాపురము చేరువ గౌతమీ కేంద్రము 464, రావులపాలెము మండలము దేవరపల్లిని కోనసీమ కేంద్రము 445, వేమగిరి ప్రక్కనే మఱియొక 768, సామర్లకోటకడ ఏకముగా 2,400 మెగావాట్ల కేంద్రము. ఈ యంత్రములు విజ్జేశ్వరపు యంత్రములకన్న ఎంతో నవీనములు. వేమగిరి చుట్టుప్రక్కల పొగగొట్టములు చూచినచో మనము ఏ పరదేశముననో యున్నట్లు తోచెడిది.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెత మన ముసలమ్మలు ఊరక పుట్టించలేదు. 2010 తరువాత ఆ సముద్రపు బావులలో నీరును ఇసుకయు చేరి, ఒత్తిడి పడిపోయి, వాయువు ఏటేట తగ్గినది. ఉన్న స్వల్పమును ఎవరికి ముందీయవలెనను ప్రశ్న పుట్టినప్పుడు ఎరువుల కర్మాగారములు ముందు నిలిచినవి. 2013 మార్చినుండి ఆ నిక్షేపపు వాయువు విద్యుత్కేంద్రములకు పూర్తిగా నిలిచిపోయినది. దేశమంతట వాయువుతో నడువవలసిన సుమారు 24 వేల మెగావాట్లలో 14 వేలకు పైగా ఇంధనము లేక పడియుండెను. వానిలో పెద్ద పాలు మన గోదావరి గట్టులమీదివి.

2015లో కేంద్రప్రభుత్వము విదేశములనుండి ఓడలమీద తెచ్చిన ద్రవవాయువును రాయితీతో ఇచ్చి రెండేండ్లు కొంత నడపించినది. అదియు ముగిసినది. వేమగిరియందలి 768 మెగావాట్ల కేంద్రములో అప్పిచ్చిన బ్యాంకులే 2016లో అధిక భాగస్వాములైనవి. సామర్లకోటకై తెచ్చిన యంత్రములలో ఒక భాగము బంగ్లాదేశమునందలి మేఘనాఘాటునకు తరలిపోయి అక్కడ కేంద్రమగుటకు పోయినది. జేగురుపాడు మొదటి దశను, ఒప్పందపు గడువు తీఱిన మీదట, 2016లో ప్రభుత్వ పంపిణీ సంస్థలు కొనివేసినవి. విజ్జేశ్వరమునకును వాయువు కొఱత తప్పలేదు. ఈ విధముగా యంత్రము నవీనమైన కొలది ఆకలితో పడియుండుట మనము చూచితిమి.

ఇక్కడ మఱియొక సంగతి కలదు. కాకినాడ తీరమున దిగిన వాయువు 2009లోనే పెద్ద గొట్టముగుండ మన తెలుగునేల దాటి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి, ఘూర్జరదేశమునందలి భరూచి వఱకు పోయినది. "మన వాయువు మనకు కాక పరులకు పోయినది" అని మన సీమలో చాలమంది బాధపడిరి. దీనిమీద 2010 మే 7వ తేదీని సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, సహజవాయువు దేశప్రజలందఱి సొత్తనియు, దానిని ఎవరికి పంచవలెనో నిర్ణయించు నధికారము కేంద్రప్రభుత్వమునకే కలదనియు తేల్చినది. నేలమీది బావులనుండి తీసిన వాయువుపై రాయల్టీ రాష్ట్రమునకు చెందును. దూరసముద్రపు వాయువుపై అది కేంద్రమునకు చెందును. ఈ న్యాయమును నేను తప్పుపట్టను. నది ఎగువరాష్ట్రమునుండి మనకు వచ్చుచున్నప్పుడు నీరు అందఱిదని చెప్పుకొను మనము, వాయువు మాత్రము మనదే యనుట ధర్మము కాదు. కాని పంపకము అందఱిదైనప్పుడు భారము కూడ అందఱిదిగా నుండవలయును గదా? ఆ భారమును మోసినదెవరు?

1995 జనవరి 8వ తేదీని పాశర్లపూడి 19వ బావిలో, దేవర్లంక చేరువ, వాయువు కట్టు తప్పి పైకెగసి అంటుకొన్నది. రెండు మాసములకు పైగా ఆ మంట ఆఱలేదు. పరదేశమునుండి నిపుణులు వచ్చి మార్చి మధ్యలో దానిని అణచిరి. చుట్టుప్రక్కల గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. ఎన్నో మైళ్ళ దూరమునకు రాత్రి పగలుగా కనబడెను. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున నగరము గ్రామమున ఇంతకన్న ఘోరము జరిగినది. తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు వాయువును తీసికొనిపోవు గెయిల్ సంస్థవారి గొట్టము పగిలి, వాయువు ఊరిమీద పఱచుకొని, ఒక్కసారిగా అంటుకొన్నది. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు, పశువులు, పక్షులు మాడిపోయినవి. పొడి వాయువునకై వేసిన గొట్టములో తడి వాయువు పోవుటచే లోపల తుప్పుపట్టి పలుచబడినదని విచారణలో తేలినది. ఎక్కడనో దీపము వెలుగుటకు పోవు వాయువు నగరమున ఇండ్ల దీపములనే ఆర్పినది. "దీపము క్రింద చీకటి" అను మాటకు ఇంతకన్న దుఃఖకరమైన అర్థము నేనెఱుగను.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పగలను. నాయనా, ఊరి క్రింద వాయువున్నంత మాత్రాన ఊరిలో దీపము వెలుగదు. వాయువు గొట్టములో చేరి దేశపు లెక్కలోనికి పోవును. కరెంటు తీగెలలో చేరి దేశపు లెక్కలోనికి పోవును. రెండు లెక్కలు సరిగానున్ననాడు నీ తరగతిలో పంకా తిరుగును. ఆనాడు ఆ లెక్క తప్పినది. యంత్రములు కొన్నవారు యంత్రముల లెక్క చూచిరి. అప్పిచ్చినవారు వడ్డీ లెక్క చూచిరి. నేల క్రింద నున్నదెంత, ఎన్నేండ్లు వచ్చును, ముందెవరికి పోవును అను లెక్కను నమ్మకమునకు విడిచిపెట్టిరి. నీరు తెలియక ఆకుమడి పోసిరి.

నవీకరణమనగా క్రొత్త యంత్రము తెచ్చుట యని మనము తలచుచున్నాము. ఆనకట్టను చూడుడు. కాటన్ కట్టినది నూఱేండ్లకు పైగా సేవచేసి శిథిలముకాగా, 1970లో క్రొత్త బారేజీ ఆరంభమై 1982లో పూర్తియైనది. దానికి 175 తలుపులు. పాత ఱాతికట్టడము పోయి ఇనుప తలుపులు వచ్చినవి. మీదుగా రహదారి వచ్చి ధవళేశ్వరమునకును విజ్జేశ్వరమునకును బస్సులు నడచుచున్నవి. ఆ నవీకరణము ఫలించుటకు కారణమేమి? తలుపులు క్రొత్తవి, కాని వానివెనుక నూటయిరువది యేండ్ల నీటిలెక్క యున్నది. క్రొత్తదానిని పాత లెక్కమీద నిలిపిరి. వాయుకేంద్రముల విషయమున లెక్కకు ముందే తలుపులు పెట్టిరి.

అంతమాత్రమున ఈ కేంద్రములు పనికిరానివని నేననుట లేదు. 2020 డిసెంబరునుండి డీ6లో క్రొత్త బావులు తెఱచి మఱల వాయువు తీయుచున్నారు. బొగ్గుకేంద్రమునకన్న వాయుకేంద్రము పొగ తక్కువది; బొగ్గు యంత్రమునకన్న త్వరగా మేల్కొని పని చేయును. నేడు సూర్యకాంతితో విద్యుత్తు తీయు పలకలు ఎక్కువగుచున్నవి. సూర్యుడు గ్రుంకిన పిమ్మట అవి నిద్రించును. సరిగా ఆ సాయంకాలపువేళనే ఇంటింట దీపములు, పంకాలు ఆరంభమగును. ఆ రెండు మూడు గంటల కొఱతను తీర్చుటకు వాయుయంత్రము తగినది. 2024 మే, జూన్ మాసములలో ఎండ తీవ్రతకు వెఱచి, కేంద్రప్రభుత్వము మూలపడియున్న వాయుకేంద్రములను నడపవలసినదని చట్టబద్ధముగా ఆజ్ఞాపించుటయే ఇందుకు తార్కాణము. రాత్రింబవళ్ళు తినుటకు ఆహారము లేకపోయినను, సాయంకాలపు ఒక పూట భోజనమునకు చాలినంత దొరకవచ్చును. దొరకునదెంతయో ముందు లెక్కించి, దానికి తగినట్లు పనిని మలచుకొనుటయే ఇప్పటి నవీకరణము. అది దాళ్వా వంతుల పద్ధతియే కాక మఱేమి?

పెద్దలారా, ఈ ప్రసంగము వినువారిలో పంచాయతీలలో మాట చెల్లు వారు పెక్కుమంది యుందురు. మీకొక్క విన్నపము. గొట్టములను గూర్చి 1962 నాటి చట్టము ఒకటి కలదు. దానిచొప్పున సంస్థ భూమిని కొనదు. భూమి రైతుదే, గొట్టము వేయు ఉపయోగపు హక్కు మాత్రము సంస్థది. అందుకై భూమి విలువలో నూటికి 10 వంతు పరిహారము ఇత్తురు. వేయుటలో పంటకు కలిగిన నష్టమునకు వేఱుగా ఇత్తురు. అటుపిమ్మట ఆ గొట్టముమీద ఇల్లు కట్టరాదు, చెఱువు త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ఈ సంగతి తెలియక తాతలనాటి కాగితమును పెట్టె అడుగున పడవేసి, మనుమడు ఆ చోటనే పునాది త్రవ్వు ఇండ్లు మన సీమలో లేకపోలేదు. మీ గ్రామమున ఏ చేనిక్రింద గొట్టము పోవుచున్నది, అది ఎన్నేండ్లనాటిది, దానిని ఎప్పుడెప్పుడు పరీక్షించుచున్నారు, వాసన తగిలినచో ఎవరికి చెప్పవలెను అను నాలుగు విషయములను ఒక కాగితముమీద వ్రాసి పంచాయతీ గోడకు అంటింపుడు. తూము తలుపు ఎవరి చేతిలోనున్నదో ఎఱిగియుండుట రైతుకు ఎంత యవసరమో, ఇదియు అంతే.

ఇక ఎవరైనను వచ్చి మీ చేరువ క్రొత్త కేంద్రము కట్టెదమనియు, నవీన యంత్రములు తెచ్చెదమనియు చెప్పినచో, యంత్రమును గూర్చి ముందడుగవలదు. "అయ్యా, ఇంధనమెక్కడిది? ఎన్నేండ్లకు? వ్రాతమూలకముగా ఎవరిచ్చినారు?" అని యడుగుడు. విజ్జేశ్వరపు తూము మన తాతలకు నేర్పిన ప్రశ్న అదియే.

ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడై యుండును. ఎక్కడనైన ఈ మాటలు విన్నచో, పండ్రెండేండ్లకు పైగా ఆలస్యముగానైనను మాస్టారు సమాధానము చెప్పినాడని సంతసించునుగాక.